కొలత మారితే మీ మోడల్ నిలుస్తుందా?

చివరి ఏడాదిలో ఉన్న మెకానికల్ విద్యార్థి రెజ్యూమె ఒకటి తీసి చూడండి. సాలిడ్‌వర్క్స్, క్యాటియా, క్రియో, ఆటోక్యాడ్ అని వరుసగా నాలుగు పేర్లుంటాయి. కింద ఓ కోర్సు సర్టిఫికెట్. ప్రాజెక్టుల దగ్గర ప్లమ్మర్ బ్లాక్, స్క్రూ జాక్, ఫ్లాంజ్ కప్లింగ్. కాకినాడలో చదివినా కరీంనగర్‌లో చదివినా జాబితా దాదాపు ఇదే. మరి ఇంటర్వ్యూ గదిలో పక్కవాళ్ల నుంచి మిమ్మల్ని వేరుచేసేది ఏమిటి?

నా సమాధానం ఒక్కటే. అసెంబ్లీలో ఏ కొలత దేనికి లోబడి ఉండాలో నిర్ణయించగలగడం. కమాండ్లు నెలా రెండు నెలల సాధనతో ఎవరికైనా వస్తాయి. ఈ నిర్ణయం మాత్రం మెషీన్ అర్థమైతేనే వస్తుంది. డిజైన్ విభాగంలో మీకు జీతం ఇచ్చేది దీనికే. మన చదువులో ఎక్కువగా వదిలేస్తున్నదీ దీన్నే.

కిటుకు పుస్తకంలోనే ఉంది

ఫ్లాంజ్ కప్లింగ్ గీయకుండా మెషీన్ డ్రాయింగ్ గట్టెక్కిన విద్యార్థి అరుదు. రెండు షాఫ్టుల్ని ఎదురెదురుగా కలిపే భాగం అది. పాఠ్యపుస్తకంలో దాని కొలతలు ఎలా ఇచ్చారో గుర్తుచేసుకోండి. హబ్ వ్యాసం షాఫ్ట్ వ్యాసానికి రెట్టింపు. హబ్ పొడవు ఒకటిన్నర రెట్లు. బోల్టుల పిచ్ సర్కిల్ మూడు రెట్లు. ఫ్లాంజ్ బయటి వ్యాసం నాలుగు రెట్లు. ఫ్లాంజ్ మందం సగం. అంటే షాఫ్ట్ 40 మిల్లీమీటర్లయితే మిగతావి వరుసగా 80, 60, 120, 160, 20.

ఈ నిష్పత్తుల్ని పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తాం. కానీ అవి చెబుతున్న అసలు మాట వేరే ఉంది. ఈ అసెంబ్లీలో పెద్దరికం ఒక్క కొలతదే, అది షాఫ్ట్ వ్యాసం. మిగతావన్నీ దాని మాట వినాలి. కంప్యూటర్ రాకముందే డ్రాయింగ్ బోర్డు మీద ఉన్న ఆలోచన ఇది.

ఇప్పుడు ల్యాబ్‌లో జరిగేది చూడండి. షీటు మీద అంకెలు వేసి ఇస్తారు. విద్యార్థి ఒక ఫైల్లో 80 అని కొడతాడు, ఇంకో ఫైల్లో 120 అని కొడతాడు. షాఫ్ట్, రెండు ఫ్లాంజ్‌లు, కీ, బోల్టు, నట్టు వేర్వేరుగా తయారవుతాయి. అన్నీ అసెంబ్లీలోకి తెచ్చి అతికిస్తాడు. రంగులు వేసి, స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో పెడతాడు. బొమ్మ బాగుంటుంది, మార్కులూ వస్తాయి. పుస్తకం నేర్పిన సంబంధం మాత్రం ఆ ఫైళ్లలో ఎక్కడా ఉండదు. అంకెలే మిగులుతాయి.

‘షాఫ్ట్ 50 చేయండి’

ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న డిజైన్ ఇంజినీరు ఒక్క మాట అన్నాడనుకోండి, ‘షాఫ్ట్ 50కి మార్చి చూపించండి’ అని. అంకెలు మాత్రమే ఉన్న మోడల్‌లో షాఫ్ట్ లావెక్కి హబ్‌లోకి దూరిపోతుంది. మీరు ఒక్కో ఫైలు తెరిచి, ఒక్కో కొలత వెతికి మార్చాలి. ఒకటి మరిచిపోయినా బోల్టు రంధ్రాలు కలవవు.

సంబంధాలు పెట్టిన మోడల్‌లో ఒక్క అంకె మారిస్తే హబ్ 100, పొడవు 75, పిచ్ సర్కిల్ 150, బయటి వ్యాసం 200, మందం 25 అవుతాయి. ఇక్కడితో అయిపోయిందనుకుంటే మాత్రం పొరపాటే. అదే పుస్తకం ఇంకో మాట కూడా చెబుతుంది. షాఫ్ట్ 40 వరకు మూడు బోల్టులు, 100 వరకు నాలుగు, 180 వరకు ఆరు. కాబట్టి 40 నుంచి 50కి వెళ్తే బోల్టుల సంఖ్యే మూడు నుంచి నాలుగుకు మారాలి. దీన్ని గుణకారంతో పట్టుకోలేం, షరతు రాయాలి.

బోల్టు సైజు ఇంకో మెలిక. షాఫ్ట్ వ్యాసంలో సగాన్ని బోల్టుల సంఖ్య వర్గమూలంతో భాగించమని సూత్రం. 50కి నాలుగు బోల్టులైతే 12.5 వస్తుంది. హార్డ్‌వేర్ షాపుకెళ్లి 12.5 బోల్టు ఇమ్మంటే ఇస్తారా? తర్వాతి ప్రామాణిక సైజుకు వెళ్లాలి. సాధారణంగా ఎం16 తీసుకుంటాం. కీ సంగతీ అంతే, దాని వెడల్పు, ఎత్తు ప్రమాణాల పట్టికలోంచి మెట్లు మెట్లుగా వస్తాయి.

అంటే ఒకే చిన్న అసెంబ్లీలో మూడు రకాల సంబంధాలున్నాయి. నిష్పత్తితో నడిచేవి, షరతుతో మారేవి, పట్టికలోంచి ఎంచుకోవాల్సినవి. ఈ మూడింటినీ విడదీసి చెప్పగలిగితే చాలు, మీకు క్యాడ్ వచ్చో రాదో ఇక ఎవరూ వేరే అడగక్కర్లేదు.

అతికించడం వేరు, అదుపు చేయడం వేరు

చాలామంది ఇక్కడే తడబడతారు. ‘అసెంబ్లీలో మేట్లు పెట్టాను కదా సార్, సంబంధం ఉన్నట్టే కదా’ అంటారు. కాదు. మేట్ అనేది భాగం ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది. ఎంత సైజులో ఉండాలో మామూలుగా చెప్పదు. షాఫ్ట్ అక్షం, హబ్ రంధ్రం అక్షం ఒకే గీత మీద ఉండాలని మేట్ పెడితే, షాఫ్ట్ 50 అయినా 500 అయినా ఆ మేట్ హాయిగా ఒప్పుకుంటుంది. రంధ్రం పెరగదు.

మన ఇంటి గుమ్మాన్నే తీసుకోండి. వడ్రంగి మేస్త్రి ముందు ద్వారబంధం నిలబెడతాడు. తర్వాత ఆ బంధం లోపలి కొలత తీసుకుని, సందు వదిలి, తలుపు కోస్తాడు. తలుపు కొలత బంధం నుంచి పుట్టిందన్నమాట. మడతబందులు బిగించడం మేట్ లాంటిది. బంధాన్ని చూసి తలుపు కోయడం కొలతను అదుపు చేసే సంబంధం. రెండూ కావాలి, కానీ ఒకటి చేసి రెండోది చేశామనుకోకూడదు.

మూడు దారులు

క్యాడ్‌లో ఈ అదుపు సాధించడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, అసెంబ్లీలో ఉండగానే ఒక భాగాన్ని తెరిచి, పక్క భాగం అంచునో రంధ్రాన్నో ఎంచుకుని గీయడం. మొదటి ఫ్లాంజ్ రంధ్రాల నుంచే రెండో ఫ్లాంజ్ రంధ్రాలు తీసుకోవడం లాంటిది. సాలిడ్‌వర్క్స్‌లో దీన్ని ఇన్-కాంటెక్స్ట్ అంటారు. ఇన్వెంటర్‌లో అడాప్టివ్ అనే పద్ధతి దీనికి దగ్గరది.

రెండోది, కొలతలకు పేర్లు పెట్టి సమీకరణాలు రాయడం. షాఫ్ట్ వ్యాసం అని ఒక పేరు, దాని మీద ఆధారపడే మిగతా పేర్లు. పైన చెప్పిన బోల్టుల షరతు రాయాల్సింది ఇక్కడే.

మూడోది, అన్నిటికీ పైన ఒక అస్థిపంజరం లాంటి స్కెచ్ ఉంచడం. అక్షాలు, దూరాలు, హద్దులు మాత్రమే అందులో ఉంటాయి. ప్రతి భాగం దాన్నే చూస్తుంది, ఒకదాన్నొకటి చూసుకోవు. క్రియోలో దీని పేరే స్కెలిటన్. మిగతా సాఫ్ట్‌వేర్లలో పేరు వేరు, పని ఇదే. పెద్ద అసెంబ్లీలకు నేను ఓటేసేది ఈ మూడో దారికే.

ఇవేవీ నిన్నమొన్నటివి కావు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే గీతల మధ్య నియమాలు పెట్టే వీలుంది. 1985లో శామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పీటీసీ సంస్థ, 1988లో తెచ్చిన ప్రో-ఇంజినీర్‌తో కొలతల సంబంధాల మీద నడిచే త్రీడీ మోడలింగ్‌ను పరిశ్రమకు అలవాటు చేసింది. నేటి క్రియో దాని వారసుడే. 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్ దాన్ని మామూలు కంప్యూటర్ మీదికి, చిన్న కంపెనీల్లోకి తీసుకెళ్లింది. పరిశ్రమ ఇన్నేళ్లుగా వాడుతున్నదాన్ని మనం ఇంకా ‘అడ్వాన్స్‌డ్ టాపిక్’ అని సిలబస్ చివర్లో పెట్టుకోవడమే విచిత్రం.

ఎక్కడ పెట్టకూడదో తెలియాలి

కొత్తగా నేర్చుకున్నవాళ్లు కనిపించిన ప్రతి అంచుకీ లింకు పెట్టేస్తారు. అది ఇంకా ప్రమాదం. సీనియర్ డిజైనర్లు కొందరు ‘బయటి లింకులు అసలొద్దు’ అని కచ్చితంగా చెప్పేది అందుకే. వాళ్ల భయంలో నిజముంది.

ఒక ఉదాహరణ. 6205 బేరింగ్ లోపలి వ్యాసం 25, బయటిది 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. అది కొనుక్కొచ్చే వస్తువు. షాఫ్ట్ మారిందని మీ మోడల్‌లో బేరింగ్ లోపలి వ్యాసం 27కు సాగిందనుకోండి, తెరమీద అంతా చక్కగా కలుస్తుంది. ఆ సైజు బేరింగ్ మాత్రం బజార్లో దొరకదు. ఇక్కడ సంబంధం తిరగబడాలి. కొనే వస్తువు కొలతను బట్టి మనం తయారుచేసే షాఫ్ట్, హౌసింగ్ మారాలి. బేరింగ్, మోటారు, ఆయిల్ సీలు, బోల్టులు ఎప్పుడూ చెప్పేవే, వినేవి కావు.

రెండో చిక్కు గుండ్రంగా తిరిగే లింకులు. మూత కొలత బాడీ నుంచి, బాడీ కొలత మూత నుంచి తీసుకుంటే ఎవరు ముందు? సాఫ్ట్‌వేర్ ప్రతి రీబిల్డ్‌కీ తికమకపడుతుంది.

మూడోది ఫైళ్ల చిక్కు. భాగం ఫైలు ఒక్కటే స్నేహితుడికి పంపితే, దాని లింకు చూసే అసెంబ్లీ అతని దగ్గర ఉండదు. సాలిడ్‌వర్క్స్‌లో అయితే ఫీచర్ పేరు పక్కన బాణం గుర్తు, ఆ బాణం పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తాయి. ఆ ప్రశ్నార్థకం ఏమిటో తెలియకుండానే కోర్సు పూర్తిచేసేవాళ్లు ఎక్కువ.

నాలుగోది అన్నిటికన్నా ఖరీదైనది. ఒకే బ్రాకెట్‌ను రెండు మెషీన్లలో వాడుతున్నారు. మొదటి మెషీన్‌లో ఏదో మార్చగానే లింకు వల్ల బ్రాకెట్ మారింది. రెండో మెషీన్ వాళ్లకు ఆ సంగతి తెలియదు. వర్క్‌షాప్‌లో లోహం కోశాక తెలుస్తుంది.

అయినా లింకులు మానేయమనడం నాకు సమ్మతం కాదు. లింకు లేకపోతే సంబంధం మాయమవదు, డిజైనర్ తలలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆయన సెలవు పెట్టిన రోజున అది అందుబాటులో ఉండదు. అందుకే మూడు కట్టుబాట్లు చాలంటాను. లింకులు పైనుంచి కిందికే నడవాలి. ఇతర మెషీన్లలో వాడే భాగాలకూ, కొనే భాగాలకూ లింకు ఉండకూడదు. డ్రాయింగ్ ఆమోదమై వర్క్‌షాప్‌కు వెళ్లేటప్పుడు లింకుల్ని లాక్ చేయాలి.

వైరు పొట్టిదైతే విమానం ఆగింది

కొలతల సమాచారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరిగ్గా చేరకపోతే ఏమవుతుందో ఎయిర్‌బస్ ఎ380 చూపించింది. ఆ విమానంలో వైర్లే 500 కిలోమీటర్లకు పైగా ఉంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో అమర్చి పంపిన వైర్ల కట్టలు ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో విమానాన్ని జోడించేటప్పుడు సరిపోలేదు, పొట్టివయ్యాయి. రెండు చోట్లా క్యాటియానే వాడారు, కానీ ఒకరిది నాలుగో వెర్షన్, మరొకరిది ఐదో వెర్షన్. ఒక చోట జరిగిన మార్పు రెండో చోటికి సక్రమంగా చేరకపోవడం ఆ ఇబ్బందికి ఒక ముఖ్య కారణం. 2006లో కంపెనీ ఆలస్యాన్ని మళ్లీ మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. తొలి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి అందింది 2007 అక్టోబరులో.

అక్కడ ఇంజినీర్లకు కమాండ్లు తెలియక కాదు. ఏ మార్పు ఎవరికి చేరాలన్న గొలుసు తెగింది. మీ కప్లింగ్‌లో బోల్టు రంధ్రం కలవకపోవడం, ఆ విమానంలో వైరు చాలకపోవడం ఒకే జాతి తప్పులు. నష్టంలోనే తేడా.

మన ఊళ్లోనే మంచి ప్రాజెక్టు

ప్రాజెక్టు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. కాకినాడ రేవు నుంచి బియ్యం ఎగుమతి అవుతుంది. చుట్టుపక్కల రైస్ మిల్లులకు కొదవలేదు. ప్రతి మిల్లులో ధాన్యాన్ని పైకి మోసే బకెట్ ఎలివేటర్ ఉంటుంది. పని ఒకటే, కానీ ఏ రెండు మిల్లుల ఎత్తూ ఒకటి కాదు. అసెంబ్లీ సంబంధాలు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మెషీన్ ఏముంటుంది?

అనుమతి తీసుకుని, మెషీన్ ఆపి ఉన్నప్పుడు కొలతలు తీసుకోండి. పై పుల్లీ, కింది పుల్లీ రెండూ 400 మిల్లీమీటర్లు, వాటి మధ్య దూరం 9 మీటర్లు అనుకుందాం. బెల్టు పొడవు అంటే మధ్య దూరానికి రెట్టింపు, దానికి పుల్లీ చుట్టుకొలత కలపాలి. 18,000కు సుమారు 1,257 కలిపితే 19,257 మిల్లీమీటర్లు. బెల్టు కొసలు కలిపే జాయింటుకు ఇంకొంత అదనం. 200 మిల్లీమీటర్లకో బకెట్ అంటే 96.3 వస్తుంది. పాయింట్ మూడు బకెట్ ఉండదు కాబట్టి 96.

ఇప్పుడు ఇంకో మిల్లు యజమాని పదిన్నర మీటర్లు కావాలన్నాడు. ఎత్తు పెరిగింది మీటరున్నర. బెల్టు మాత్రం మూడు మీటర్లు పెరిగి 22,257 అవుతుంది. బకెట్లు 111. కేసింగ్ ముక్కలు ఒక్కోటి మీటరున్నరవైతే అదనంగా ఒకటి చేరాలి. పుల్లీలు, బేరింగులు మారవు. ఇదంతా ఒక్క ‘మధ్య దూరం’ అనే కొలత మారిస్తే జరగాలి.

మోటారు సంగతి? ఎక్కువ ఎత్తుకు ధాన్యం మోయాలంటే ఎక్కువ శక్తి కావాలి. ఆ మోటారు చాలుతుందో లేదో లెక్క వేయాల్సింది మీరే. కొలతలు కలిశాయని సాఫ్ట్‌వేర్ పచ్చజెండా ఊపుతుంది, మెషీన్ పనిచేస్తుందని మాత్రం హామీ ఇవ్వదు. ఇంటర్వ్యూలో ఈ ముక్క మీరే ముందుగా చెబితే, ఎదుటివాళ్లకు మీ మీద గురి కుదురుతుంది.

లైసెన్సు కొనే స్తోమత లేదని ఆగొద్దు. ఫ్రీక్యాడ్ ఉచితం. 2024 నవంబరులో వచ్చిన దాని 1.0 వెర్షన్‌లో అసెంబ్లీ విభాగం లోపలే చేరింది. స్ప్రెడ్‌షీట్‌లో కొలతలకు పేర్లు పెట్టి భాగాలకు లింకు ఇవ్వొచ్చు. ఆలోచన అక్కడ పట్టుబడితే, కంపెనీలో ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే మిగులుతుంది.

పరీక్ష పద్ధతి మారాలి

కాకినాడకు ఇంజినీరింగ్ చదువు కొత్త కాదు. 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008లో జేఎన్‌టీయూకేగా ప్రత్యేక విశ్వవిద్యాలయం అయింది. ఎన్నో జిల్లాల కాలేజీలకు దారి చూపే ఊరిది. కాబట్టి మార్పు ఇక్కడి నుంచే మొదలవ్వాలని కోరుకోవడం అత్యాశ కాదు.

కోరేది పెద్దదేం కాదు. క్యాడ్ ల్యాబ్ పరీక్షలో మోడల్ పూర్తయ్యాక, చివరి పది నిమిషాలకు ఎగ్జామినర్ ఒక కొలత మార్చమనాలి. అసెంబ్లీ నిలిస్తే మార్కులు, విరిగితే కోత. దానికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, కొత్త సిలబస్సూ అక్కర్లేదు. శిక్షణ సంస్థలకు ఫీజు కట్టే ముందు మీరూ ఈ ప్రశ్న అడగండి: ‘ఎన్ని మోడళ్లు చేయిస్తారు’ అని కాదు, ‘మార్పులు ఎలా చేయాలో నేర్పిస్తారా’ అని. జవాబు నసిగితే ఇంకో చోటు చూసుకోండి.

ఇక మీ వంతు. రెజ్యూమెలో ఇరవై మోడళ్ల బొమ్మలు పెట్టొద్దు. ఒక్క మోడల్‌ను అయిదారు సైజుల్లో చూపించండి. దాని పక్కనే ఒక పేజీ రాయండి. ఏ కొలత పెద్దది, ఏవి దాన్ని వింటాయి, ఏవి వినకూడదు, ఎక్కడ లెక్క సరిచూశారు. తెలుగులో రాసుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నా ఫర్వాలేదు. ఆ పేజీ రాయలేకపోతే మోడల్ ఇంకా మీది కాలేదన్నమాట.

ఈ రాత్రికే మీ పాత ఫ్లాంజ్ కప్లింగ్ ఫైలు తెరవండి. షాఫ్ట్ 40ని 50 చేసి, రీబిల్డ్ నొక్కండి. ఏది విరిగిందో అక్కడి నుంచే మీ చదువు మొదలు.